పని మధ్యలో నడక: కాళ్లకు ఒకటి, బుర్రకు ఒకటి

ప్రశ్న (క్లుప్తంగా): "నాకు 34 ఏళ్లు. రుషికొండ ఐటీ హిల్స్‌లో సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం. రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డులో గంట నడుస్తాను. అయినా మధ్యాహ్నం మూడయ్యేసరికి మెడ పట్టేస్తుంది, బుర్ర పనిచేయదు, ఒకే మెయిల్ మూడుసార్లు చదివినా ఎక్కదు. పని మధ్యలో లేచి కాస్త నడవమంటున్నారు. నిజంగా ఉపయోగం ఉంటుందా? ఎంతసేపు, ఎప్పుడు, ఎక్కడ? ఈ ఉక్కపోతలో ఎలా? సీట్లో కనపడకపోతే మేనేజర్ అదోలా చూస్తాడు. మా ఆవిడది ఇంటి నుంచే నైట్ షిఫ్ట్, తనకూ ఇదే బాధ."

సమాధానం:

నేను విశాఖలో ఫిజియోథెరపిస్టుని. మెడ, నడుము నొప్పులతో వచ్చే కుర్చీ ఉద్యోగాల వాళ్లని రోజూ చూస్తుంటాను. మీ ప్రశ్న వాళ్లలో చాలామంది అడిగేదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా, ఆ పొద్దున నడక మానకండి. 2016లో లాన్సెట్ పత్రికలో 10 లక్షల మందికి పైగా మనుషుల వివరాలు కలిపి చూసిన విశ్లేషణ ఒకటి వచ్చింది. రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవాళ్లకు అకాల మరణం ముప్పు ఎక్కువ. అయితే రోజుకు 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడిచే అలవాటున్నవాళ్లలో ఆ అదనపు ముప్పు కనిపించలేదు. అంటే మీ గంట నడక ఆయుష్షు లెక్కలో తన పని తాను చేస్తోంది. కానీ మీరడిగింది ఆయుష్షు సంగతి కాదు, మధ్యాహ్నం మూడింటి సంగతి. మూడు పూటల అన్నం పొద్దున్నే తినేసి రాత్రిదాకా ఉండలేం కదా, ఇదీ అంతే.

ఆ మూడింటి మత్తు మీ బద్ధకం కాదు. ఒంట్లోని గడియారమే మధ్యాహ్నం ఒంటిగంటకూ నాలుగింటికీ మధ్య చురుకుదనాన్ని కాస్త తగ్గిస్తుంది. భోజనం మానేసినా ఆ మందకొడితనం వస్తుంది. దాని మీద క్యాంటీన్ అన్నం, సాంబారు, ఓ అప్పడం, చివర్లో పెరుగన్నం పడితే భుక్తాయాసం తోడవుతుంది. ఆపైన గంటల తరబడి కదలని పిక్కలు, అరచేతి దూరం దాటని చూపు. ఇన్ని కారణాలున్న ఇబ్బందికి ఒక్క మందు సరిపోదు. నా ఉద్దేశంలో పని మధ్యలో నడక కూడా ఒకటి కాదు, రెండు. ఒకటి కాళ్ల కోసం, ఇంకొకటి బుర్ర కోసం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది వారం రోజులు చేసి "ఏం తేడా లేదండీ" అని వదిలేస్తారు.

2023లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ప్రయోగం చెబితే ఈ తేడా తేలిగ్గా తెలుస్తుంది. 11 మందిని రోజంతా ఆఫీసు తరహాలో కూర్చోబెట్టి, ఒక్కో రోజు ఒక్కో రకంగా లేపి ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. అరగంటకోసారి 5 నిమిషాలు నడిచిన రోజున, భోజనం తర్వాత రక్తంలో చక్కెర పెరుగుదల రోజంతా కూర్చున్న రోజుతో పోలిస్తే 58 శాతం తగ్గింది. ఎలా నడిచినా బీపీ నాలుగైదు పాయింట్లు దిగింది. గంటకు ఒక్క నిమిషం నడిచిన పద్ధతి తప్పిస్తే మిగతా అన్నిటిలోనూ అలసట తగ్గింది, మనసు తేలికపడింది. మనుషులు 11 మందే కాబట్టి ఆ అంకెల్ని రాతి మీద గీతలా తీసుకోనక్కర్లేదు, కానీ ఎటు మొగ్గుతోందో తెలుస్తోంది. ఇక్కడ ఎవరూ పెద్దగా చెప్పుకోని ముక్క ఇంకోటుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం ఏ పద్ధతిలోనూ మార్పు రాలేదు. ఒళ్లు తేలికపడింది, బుర్ర ఉన్నచోటే ఉంది. ల్యాబ్‌లో ట్రెడ్‌మిల్ మీద అంతకన్నా ఏం వస్తుంది!

కాళ్ల నడక దగ్గర పెద్ద శాస్త్రమేమీ లేదు. అరగంటకోసారి లేవడం మన ఆఫీసుల్లో కుదరదని నాకూ తెలుసు. ముప్పావు గంటకోసారి, పోనీ గంటకోసారి, మూడు నాలుగు నిమిషాలు చాలు. కారిడార్లో అటూ ఇటూ, ఒక అంతస్తు దిగి ఎక్కడం, ఇంకో అంతస్తులో ఉన్న బాత్రూముకి వెళ్లడం, ఏదైనా సరే. చల్లగాలి, పచ్చదనం అక్కర్లేదు. పిక్కల కండరాలు బిగిసి వదిలినప్పుడల్లా కాళ్లలో నిలిచిన రక్తాన్ని పైకి నెడతాయి. తొడ కండరాలు కదిలితే రక్తంలో చక్కెరను వాడుకుంటాయి. దానికి దృశ్యంతో పనిలేదు. టేబుల్ మీద లీటరు సీసా బదులు చిన్న సీసా పెట్టుకోండి, నింపుకోవడానికైనా లేస్తారు. భోంచేశాక నూరడుగులు వేయమని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. రోజులో ఒక్క కాళ్ల నడకకే వీలుందంటే భోజనం అవగానే పది నిమిషాలు నడవండి. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే దీన్ని అస్సలు వదలొద్దు.

స్టెప్పుల లెక్క మాత్రం పక్కన పెట్టేయండి. పదివేల అంకె వైద్యుల నోట్లోంచి ఊడిపడింది కాదు, 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. కనీసం పది నిమిషాలు ఆపకుండా నడిస్తేనే లెక్క అన్న పాత షరతును కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో తీసేసింది. మూడు నిమిషాలైనా లెక్కే.

ఇక బుర్ర నడక. మీ అసలు బాధ ఇక్కడుంది.

పనిలో ధ్యాస పెట్టడమంటే ఒకదాన్ని పట్టుకుని మిగతావాటిని గెంటేస్తూ ఉండటం. ఆ గెంటేసే శక్తి గంటలు గడిచేకొద్దీ అలసిపోతుంది. దానికి విశ్రాంతి కావాలంటే, గెంటాల్సినవేవీ లేని చోట ఉండాలి. చెట్టు కొమ్మ ఊగుతుంటే, అలలు వస్తుంటే మనం చూస్తాం, కానీ పట్టి పట్టి చూడం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రేచెల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ ఈ ఆలోచనను 1989లో ఒక సిద్ధాంతంగా వివరించారు. తర్వాత 2008లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షకు పెట్టారు. విద్యార్థుల్ని ఒకసారి చెట్లతోటలో, ఇంకోసారి ఊరి మధ్య రద్దీ రోడ్ల మీద, దాదాపు అంతే దూరం నడిపించారు. అంకెల్ని వెనక నుంచి ముందుకు అప్పజెప్పే పరీక్షలో తోటలో నడిచొచ్చాక బాగా మెరుగుపడ్డారు. రోడ్ల మీద నడిచొచ్చినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు లేదు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, గడ్డకట్టే చలిలో విసుక్కుంటూ నడిచినవాళ్లకూ అదే లాభం వచ్చింది. నడక మీకు హాయిగా అనిపించాలన్న నియమమేం లేదు.

అయితే ఆ నడక 50 నిమిషాలది. మీకు దొరికేది పది, పదిహేను. అంతే ఫలితం వస్తుందని నేను చెప్పను. కానీ 2015లో మెల్‌బోర్న్‌లో 150 మంది విద్యార్థులకు ఏకాగ్రత పరీక్ష మధ్యలో 40 సెకన్ల పాటు పూల మొక్కలున్న మిద్దె తోట బొమ్మ చూపిస్తేనే, ఉత్త కాంక్రీటు మిద్దె చూసినవాళ్ల కన్నా తర్వాత తక్కువ తప్పులు చేశారు. బొమ్మకే అంతుంటే నిజం కొండకూ నిజం సముద్రానికీ ఎంతో కొంత ఉండదా?

ఇక్కడ మన ఊరి గురించి చెప్పాలి. రుషికొండ మీద ఉద్యోగం చేస్తూ చూడటానికేం లేదంటే ఎవరూ ఒప్పుకోరు. చాలా ఆఫీసుల ఆవరణల్లోంచి, కనీసం మెట్ల దగ్గరి కిటికీల్లోంచి సముద్రం కనిపిస్తుంది. ఆవరణ దాటి కిందికి దిగక్కర్లేదు. నీడలో నాలుగు అడుగులు వేసి, ఓ చోట ఆగి నీటి అంచు వైపు చూడండి. అదృష్టం బాగుంటే దూరంగా ఓడ ఒకటి లంగరు వేసి ఉంటుంది. స్క్రీన్ మీంచి అప్పుడే లేచిన కళ్లకు మొదట అది మసక గీతలా కనిపిస్తుంది. తొందరపడకండి. రెండు మూడు క్షణాలాగితే ఆ గీత మీద క్రేన్లు, వెనక వైపు తెల్లటి గదులు విడివిడిగా తేలతాయి. దగ్గరి వస్తువు కోసం గంటలుగా బిగుసుకుని ఉన్న కంటిలోపలి కండరం వదులయ్యే సమయం అది. కంటి డాక్టర్లు ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడమనేది ఇందుకే. మీకు 20 అడుగులేంటి, మైళ్ల దూరం ఉచితంగా దొరుకుతోంది.

ఇతర పేటల వాళ్లూ ఈ సమాధానం చదువుతారు కాబట్టి వాళ్లకూ రెండు మాటలు. సిరిపురం, వాల్తేరు అప్‌లాండ్స్ వైపు పనిచేసేవాళ్లు పాండురంగాపురం మీదుగా బీచ్‌కి దిగిపోవాలని ఉబలాటపడతారు. దిగడం తేలికే, తిరిగి ఆ ఎత్తు ఎక్కేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది, పదిహేను నిమిషాల్లో తేలదు. అది సాయంత్రానికి ఉంచుకుని, పగలు పెద్ద చెట్లున్న పక్క వీధుల్లో తిరగండి. ద్వారకానగర్ వాళ్ల పరిస్థితి కష్టం. ఫుట్‌పాత్‌ల మీద బైకులు, వెనక నుంచి హారన్లు, కోచింగ్ సెంటర్లు వదిలే వేళకి జనం. అక్కడ నడిస్తే ధ్యాస కుదుటపడటం అటుంచి, ఉన్నది కూడా కరిగిపోతుంది. పాత సెంట్రల్ జైలు స్థలంలో వచ్చిన సెంట్రల్ పార్క్ తెరిచి ఉండే వేళ అయితే అటు వెళ్లండి, లేదా మీ భవనం మేడ మీదికి వెళ్లండి. ఎంవీపీ కాలనీ వాళ్లు మెయిన్ రోడ్డు వదిలి సెక్టార్ల లోపలి వీధులు పట్టుకుంటే చాలు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన చెట్లను ఊడ్చేశాక ఏ వీధిలో నీడ మిగిలిందో, ఏ వీధిలో మళ్లీ పెరిగిందో అక్కడివాళ్లకే బాగా తెలుసు. వాచ్‌మన్‌ని అడగండి, నాకన్నా బాగా చెబుతాడు.

ఫోన్. దీని గురించి నేను కొంచెం కటువుగానే చెబుతాను. రీల్స్ చూస్తూ నడిస్తే కాళ్ల నడక అవుతుంది గానీ బుర్ర నడక కాదు. చూపు మళ్లీ అదే అరచేతి దూరంలో, మెడ మళ్లీ అదే వంపులో, గెంటేయాల్సినవి ముందుకన్నా ఎక్కువ. మీది సపోర్ట్ ఉద్యోగం కాబట్టి ఫోన్ డెస్క్ మీద వదిలి వెళ్లలేకపోవచ్చు. రింగ్ ఆన్ చేసి జేబులో పెట్టుకోండి, మోగితే తీయండి, మోగకపోతే ముట్టుకోవద్దు. తోడు ఎవరైనా వస్తే మంచిదే, కానీ అప్రైజల్ రేటింగుల గురించి మాట్లాడే తోడైతే వద్దు.

లేచే ముందు ఒక పని చేయండి. చేస్తున్న పని ఎక్కడ ఆగిందో, తిరిగి రాగానే మొదట ఏం చేయాలో చీటీ మీద ఒక్క వాక్యం రాసి పెట్టండి. "సర్వర్ లాగ్‌లో 2.10 తర్వాతివి చూడాలి", అంత చాలు. ఒక పని సగంలో వదిలితే మనసులో కొంత భాగం దాన్నే పట్టుకుని ఉంటుందని సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించారు. వదిలిన చోటు ఇలా రాసుకుంటే ఆ పట్టు సడలుతుందని ఆవిడే తర్వాత ఇంకో పరిశోధనలో చెప్పారు. నా దగ్గరకు వచ్చే ఒక ఆడిట్ ఆఫీసు ఆయన వోచర్ల కట్ట మీద పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టి, దాని పక్కన తర్వాతి నంబరు వేసి లేస్తారు. తిరిగొచ్చి "ఎక్కడున్నానబ్బా" అని వెతుక్కునే బాధ లేదు కాబట్టి లేవడానికీ భయం లేదంటారు. లేవకపోవడానికి చాలామందికి అసలు కారణం ఆ భయమే.

నడకతో ఏ చిక్కుముడైనా విడిపోతుందని మాత్రం అనుకోకండి. 2014లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు చూసిందేంటంటే, ఒక ప్రశ్నకు కొత్త కొత్త దారులు ఆలోచించమంటే నడుస్తున్నవాళ్లు కూర్చున్నవాళ్ల కన్నా సగటున 60 శాతం ఎక్కువ ఇచ్చారు. గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా అదే. కానీ ఒక్కటే సరైన జవాబున్న ప్రశ్నలకు నడక సాయం చేయలేదు, పైగా కాస్త వెనకబడ్డారు కూడా. కాబట్టి తప్పు ఎటువైపు వెతకాలో తోచనప్పుడు లేవండి. ఏ లైన్లో ఉందో వెతికే పని కూర్చునే చేయండి.

ఉక్కపోత సంగతి. మన దగ్గర ఎండ కన్నా గాలిలో తేమ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండింటికీ నాలుగింటికీ మధ్య ఎండలోకి వెళ్లొద్దు. ఆ నెలల్లో మధ్యాహ్నమంతా మెట్లు, కారిడార్లు, గాలి ఆడే ఏ చోటైనా సరే, బేస్‌మెంట్ పార్కింగ్ మాత్రం వద్దు. నడక కూడా నెమ్మదిగానే. చెమట పట్టేంత వేగం మీ పొద్దున నడకకు ఉంచండి. తిరిగొచ్చి ఏసీ గాలి నేరుగా తగిలేలా కూర్చోకండి, తడిసిన మెడకు అది పడదు. వానాకాలం మెట్లు జారతాయి, రెయిలింగ్ పట్టుకోండి.

మేనేజర్ విషయంలో ఒక లోకరీతి చెబుతాను. "నడిచొస్తా" అంటే పని ఎగ్గొడుతున్నాడనుకుంటారు. "టీ తాగొస్తా" అంటే ఎవరూ ఏమీ అనరు. కాబట్టి పేచీ పెట్టుకోకుండా టీ పేరు చెప్పే వెళ్లండి, కాకపోతే దగ్గర బడ్డీ వదిలి కాస్త దూరం బడ్డీకి. ప్రతిసారీ టీ తాగక్కర్లేదు, పక్కనున్న పునుగుల మూకుడు వైపు అసలు చూడకండి. బుర్ర నడకలు రోజుకు రెండు చాలు. పదకొండున్నర ప్రాంతంలో ఒకటి, మూడింటికి ఒకటి. అలారం పెట్టుకుని మధ్యలో తెంపుకుని లేవకండి, ఒక టికెట్ (మీ దగ్గరకు వచ్చే ఫిర్యాదు) మూసి ఇంకోటి తెరిచే సందులో లేవండి. మూడింటిది మాత్రం మత్తు వచ్చాక కాదు, రెండున్నర దాటగానే. మెయిల్ మూడోసారి చదువుతున్నారంటే అప్పటికే ఆలస్యమైంది. ఇద్దరే మాట్లాడుకునే కాల్స్ ఉంటే నడుస్తూ మాట్లాడండి, అది కాళ్ల లెక్కలో పడుతుంది. రెండు వారాలయ్యాక మధ్యాహ్నం పూట మూసిన టికెట్లు ముందుకన్నా ఎలా ఉన్నాయో చూసుకోండి. బాగుంటే మేనేజర్‌కి ఆ లెక్కే చూపించండి, నా సమాధానం కాదు.

మెడకు నడక మేలే చేస్తుంది. చేతులు రెండూ వదులుగా ఊపుతూ నడిస్తే భుజాలు దిగుతాయి. ఎంత మంచి కుర్చీ అయినా ఒకే భంగిమలో గంటలు కూర్చుంటే నొప్పి తప్పదు. కానీ నొప్పి చేతిలోకి పాకుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, పట్టు తగ్గినా నడకతో సరిపెట్టకుండా చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీ బిగపట్టినట్టుంటే, కొంత దూరం నడవగానే పిక్క పట్టేసి ఆగగానే తగ్గుతుంటే, ఒక కాలే వాచి నొప్పి పెడుతుంటే వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు ఆఫీసులో షూ విప్పి స్లిప్పర్లతో తిరిగే అలవాటు మానాలి.

మీ ఆవిడ సంగతి. రాత్రి పనిలో బాగా మత్తుగా ఉండేది మూడు నుంచి అయిదు మధ్య. ఆ లోపే, రెండున్నర ప్రాంతంలో ఒక నడక, షిఫ్టు మొదటి సగంలో ఇంకోటి పెట్టుకోమనండి. అర్ధరాత్రి అన్నం కడుపునిండా కాకుండా తేలిగ్గా తిని, తిన్నాక హాల్లోనే పది నిమిషాలు తిరగాలి. వీధిలోకి అక్కర్లేదు, ఆ వేళ కుక్కల బెడద. అపార్ట్‌మెంట్ మేడ మీదికి వెళ్లే వీలుంటే అంతకన్నా మంచిది లేదు, మీరూ తోడు వెళ్లండి. షిఫ్టు మొదట్లో గదిలో లైట్లు బాగా వెలగాలి, చివరి గంటా రెండు గంటలు తగ్గించాలి. పని అవగానే తెల్లవారి ఎండలో వాకింగ్ వద్దు, ఆ వెలుతురుకి నిద్ర ఎగిరిపోతుంది. లేచాక సాయంత్రం నడవొచ్చు.

ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్ల దగ్గర నేను తరచూ చూసేది ఇంకోటుంది. "మధ్యలో లేస్తూనే ఉంటానండీ" అంటారు. ఎందుకు లేస్తున్నారని అడిగితే పాలు తోడు పెట్టడానికి, పొద్దున్న ఇడ్లీకి పప్పు రుబ్బడానికి, పిల్లాడి యూనిఫాం మిషన్లో వేయడానికి. కాళ్లు కదిలాయి, నిజమే. బుర్రకు మాత్రం ఒక డ్యూటీ మధ్యలో ఇంకో డ్యూటీ పడింది. మీరు పడుకునే ముందు ఆ మూడూ చేసేసి పడుకోండి, రెండున్నర నడక ఆమెకు దొరుకుతుంది.